గ్రంథాలయానికి చెద పట్టిందా? గ్యాస్ గోళీలు పెట్టకండి, ముందు నేల చూడండి

తొలకరి పడిన సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి. కొన్ని ఊళ్ళలో వాటిని పట్టి వేయించుకుని తింటారు, అది వేరే సంగతి. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదపురుగులే. అవి గదిలో గోడ పగులు నుంచో, నాపరాళ్ళ సందు నుంచో బయటికొస్తున్నాయంటే ఆ కట్టడం కిందే పుట్ట ఉండొచ్చు. ఇల్లయితే తలుపు చట్రాలు పోతాయి. గ్రంథాలయమైతే పుస్తకాలు పోతాయి. మస్జిదు పక్కన మక్తబ్ గదిలో అల్మారా నిండా ఉండే పాత ఉర్దూ కితాబుల్లో చాలావాటిని మళ్ళీ కొందామన్నా దొరకవు.

అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "రైస్ మిల్లులో బస్తాల దగ్గర పెట్టే గోళీలు నాలుగు తెచ్చి అల్మారాలో పెట్టి తలుపులేసేయండి, పొద్దునకల్లా సాఫ్." ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సలహా గురించే.

ఆ గోళీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే గ్యాస్ వదులుతాయి. 3 గ్రాముల గోళీ ఒక్కటే 1 గ్రాము గ్యాస్ ఇస్తుంది. ఆ గ్యాస్ గోడ పగుళ్ళలోంచి, కిటికీ సందుల్లోంచి పక్కింట్లోకి పోతుంది. పడుకున్న పిల్లలకు ముందు ప్రమాదం. దీనికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేపల వాసనో వస్తుందంటారు గానీ, వాసన రాలేదు కాబట్టి గ్యాస్ లేదనుకోవడం పొరపాటు. గోళీల మీద నీళ్ళు పడితే మంట కూడా లేవొచ్చు. పైగా ఈ గ్యాస్ రాగిని, ఇత్తడిని తినేస్తుంది. గ్రంథాలయంలో కంప్యూటర్లు, వైరింగు ఉంటే అవీ పాడవుతాయి.

చట్టం కూడా ఒప్పుకోదు. ఈ గోళీలను ప్రభుత్వ సంస్థలు, పెస్ట్ కంట్రోల్ వాళ్ళు మాత్రమే, అదీ కేంద్ర మొక్కల సంరక్షణ సలహాదారు ఆమోదించిన శిక్షణ పొందిన నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. 10, 20 గోళీల ట్యూబు ప్యాకులను పూర్తిగా నిషేధించారు.

సరే, ఇంత ప్రమాదం పడి పెట్టినా చెద పోతుందా? పోదు. మన దగ్గర పుస్తకాలు తినే చెద ఎక్కువగా నేల చెద. రాణి భూమిలో ఉండి గుడ్లు పెడుతూనే ఉంటుంది. గ్యాస్ గదిలో ఉన్నవాటిని చంపుతుంది, తర్వాత గాలిలో కలిసిపోతుంది, ఏమీ మిగలదు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే గోడ మీద మట్టి గొట్టం కనిపిస్తుంది.

అందుకే మందు కంటే ముందు గుర్తులు చూడాలి. గోడ మీద, బీరువా వెనక మట్టి గొట్టాలుంటే నేల చెద. మట్టి లేకుండా చెక్క కింద గసగసాల్లాంటి గట్టి గింజలు కుప్పగా పడితే అది పొడి చెక్కలోనే కాపురముండే చెద. పిండిలాంటి పొడి, చెక్కకో పుస్తకానికో చిన్న గుండ్రటి రంధ్రాలు ఉంటే అసలు చెదే కాదు, తొలిచే పురుగు. ఈ రెండింటికీ గ్యాస్ పనిచేస్తుంది, కానీ అది లైసెన్సు ఉన్నవాళ్ళు కట్టడం ఖాళీ చేయించి, సీలు వేసి, మీటరుతో గ్యాస్ కొలిచి చేసే పని.

నేల చెదకు చేయాల్సింది నేలలోనే. కట్టేసిన భవనాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ఉంది. గోడ, నేల కలిసే అంచు వెంట సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 300 మిల్లీమీటర్లకు ఒకటి, అంటే అడుగుకొకటి వేసి, రంధ్రానికి సుమారు లీటరు చొప్పున మందు నీళ్ళు దింపి సిమెంటుతో మూస్తారు. బయట గోడ చుట్టూ మట్టిలోకీ మందు పోస్తారు. ఇమిడాక్లోప్రిడ్, బైఫెంత్రిన్, క్లోర్‌పైరిఫాస్ ఎక్కువగా వాడేవి. మాచర్ల వైపు నాపరాళ్ళు పరిచిన నేలల్లో రాళ్ళ సందులే చెదకు దారి, వాటిని వదిలేస్తే పని సగమే అయినట్టు. పల్నాడు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది కాబట్టి బయట గోడ అంచునా చూసుకోవాలి. బావి గానీ బోరు గానీ దగ్గరుంటే ముందే చెప్పండి. మిగిలిన మందు కాలవలో పోయనివ్వకండి, చేపలు చస్తాయి.

పుస్తకాల మీద మాత్రం మందు కొట్టించకండి. ముందే బయటికి తీసి, మెత్తటి బ్రష్షుతో మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, పాలిథీన్‌లో కట్టి వేరే గదిలో పెట్టాలి. మందు పని పూర్తిగా ఆరేదాకా, కనీసం ఒక రోజు, కిటికీలు తెరిచి పిల్లల్ని రానివ్వకండి. చేతిరాత కితాబులుంటే సొంత ప్రయోగాలొద్దు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ ప్రతులున్నాయి. అలాంటి చోట్ల అడిగి చేయడం మేలు.

మస్జిదు కమిటీలు రెండు విషయాలు చూసుకోవాలి. చిరిగిన ఖురాన్ పేజీలు గోనెసంచిలో కట్టి మూలన పెట్టేస్తారు. నేలకానిన ఆ సంచే చెదకు మొదటి విందు. ఇమామ్ సాబ్‌ను అడిగి, శుభ్రమైన బట్టలో చుట్టి త్వరగా దఫన్ చేయించండి. రెండోది, వుజూఖానా గోడకే అల్మారా ఆనించి ఉంటుంది. ఆ తడి ఉన్నంతకాలం ఏ మందూ నిలవదు. నీటి లీకేజీ ఆపి, రాకులు గోడకు అర అడుగు దూరం జరపండి. ఇనుప రాకైనా గోడకు ఆనితే చెద ఎక్కుతుంది.

డబ్బుల మాట. పెస్ట్ కంట్రోల్ వాళ్ళకు పురుగుమందుల చట్టం 1968 కింద లైసెన్సు ఉండాలి, చూపించమనండి. మందు పేరు, ఎన్ని రంధ్రాలు, ఎన్ని లీటర్లు, వారంటీ ఎన్నేళ్ళు, కాగితం మీద రాయించుకోండి. చదరపు అడుగు రేటు ఒక్కటే చెప్పి గోడ మీద స్ప్రే కొట్టి పోయేవాడు చవకే, కానీ ఆ డబ్బు వృథా. ప్రభుత్వ శాఖా గ్రంథాలయమైతే ఖర్చు మీ జేబులోది కాదు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతూనే ఉన్నాం. గ్రంథాలయాధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.

ఇప్పటికే ఎవరైనా గోళీలు పెట్టి ఉంటే లోపలికి వెళ్ళి తీయబోకండి. చుట్టుపక్కల వాళ్ళను దూరంగా పంపి 101కి ఫోన్ చేయండి. తలనొప్పి, వాంతులు, ఛాతీ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే 108. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117.

మందు వేశాక మిగిలిన మట్టి గొట్టాన్ని ఒకచోట కొంచెం విరగ్గొట్టి వదిలేయండి. కొద్ది రోజుల్లో దాన్ని మళ్ళీ కట్టుకుంటే పుట్ట బతికే ఉన్నట్టు. వారంటీ కాగితం తీసి వాళ్ళను పిలవండి.