కవిరాజు కుమారుడు: గోపీచంద్ పితృగౌరవం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యచరిత్రలో తండ్రీకొడుకులిద్దరూ రచయితలైన సందర్భాలు అరుదు కావు. తండ్రి కీర్తిని తలచుకొని కుమారుడు గర్వించడమూ సహజమే. సాధారణంగా ఆ గర్వం తండ్రి జీవితచరిత్ర రాయడంలోనో, స్మృతివ్యాసాలలోనో, ఆయన రచనలను సంపుటాలుగా ప్రచురించడంలోనో వ్యక్తమవుతుంది. ‘కవిరాజు’ త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పట్ల ఆయన కుమారుడు త్రిపురనేని గోపీచంద్ (1910–1962) చూపిన గౌరవం వేరొక రూపంలో మిగిలింది. దానికి ప్రధానమైన ఆధారం ‘అసమర్థుని జీవయాత్ర’ నవల అంకితం. ఎందుకని ప్రశ్నించడం తనకు నేర్పినవాడిగా తండ్రిని స్మరించి, గోపీచంద్ ఆ నవలను ఆయనకు అంకితమిచ్చారు.

తెలుగు పాఠకులలో విస్తృతంగా ప్రసిద్ధమైన ఈ అంకితాన్ని కేవలం పుత్రప్రేమకు నిదర్శనంగా చూడడం చాలదు. తండ్రి రచనలను, నవలలోని ఇతివృత్తాన్ని, కుమారుని తరువాతి ఆలోచనాపరిణామాన్ని కలిపి చూసినప్పుడే దాని అర్థం తెలుస్తుంది. గోపీచంద్ గర్వించింది తండ్రి చేరిన నిర్ణయాలను చూసి కాదనీ, ఆయన ఆలోచించిన పద్ధతిని చూసి అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వివాదాల నడుమ తండ్రి కీర్తి

రామస్వామి కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, తరువాత తెనాలిలో స్థిరపడ్డారు. అక్కడి ఆయన నివాసం ‘సూతాశ్రమం’ సాహితీపరులకు, సంస్కరణాభిలాషులకు కూడలిగా ఉండేది. తెనాలి పురపాలక సంఘాధ్యక్షునిగా ఉన్న కాలంలో ఆయన గంగానమ్మ కొలువులలో జంతుబలిని నిషేధించారు. తెలుగులో వివాహ విధానాన్ని కూర్చి, స్వయంగా పౌరోహిత్యం వహించి పెళ్లిళ్లు జరిపించారు.

ఆయన రచనలన్నిటికీ మూలం ఒకే ప్రశ్న. పురాణం చెప్పినదాన్ని ఎందుకు నమ్మాలి? తపస్సు చేసిన శూద్రుణ్ణి వధించడం ధర్మమెట్లా అయిందని ‘శంబుకవధ’ నాటకం అడిగింది. వేనరాజు మరణాన్ని ‘ఖూనీ’ హత్యగా చూపింది. నాలుగు ఆశ్వాసాల ‘సూతపురాణం’ పురాణాలనే పురాణ రూపంలో విమర్శకు గురిచేసింది. సంప్రదాయ ఛందస్సును విడిచిపెట్టకుండానే సంప్రదాయ విశ్వాసాలను ప్రశ్నించడం ఆయన ప్రత్యేకత.

అటువంటి రచయిత కీర్తి ఏకగ్రీవమైనది కాదు. సంస్కరణవాదులకు, బ్రాహ్మణేతరోద్యమ కార్యకర్తలకు ఆయన కవిరాజు. పురాణాలను పవిత్రంగా భావించిన వారికి ఆయన రచనలు బాధాకరాలు. కాబట్టి రామస్వామి కుమారునికి దక్కింది అందరూ మెచ్చిన పేరు కాదు, పక్షాలను చీల్చిన పేరు. ఆ పేరును చూసి గర్వించడమంటే ఒక వాదంలో పక్షం వహించడమే.

3. అంకితంలో లేనివి

ప్రాచీన తెలుగు కావ్యావతారికలో కృతిభర్తకు నిర్దిష్టమైన స్థానముంది. పెద్దన ‘మనుచరిత్ర’ను శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చారు. అటువంటి కృతులలో కృతిపతి వంశవర్ణన, పరాక్రమం, దానగుణం, షష్ఠ్యంతాలు క్రమంగా వస్తాయి. కృతిపతి గొప్పతనానికి అతని వంశమే తొలి సాక్ష్యం.

ఈ నేపథ్యంలో గోపీచంద్ అంకితంలోని సంక్షిప్తత గమనించదగినది. అందులో తండ్రి బిరుదు లేదు, కావ్యాల పట్టిక లేదు, పదవుల ప్రస్తావన లేదు. తండ్రి తనకు ఏమి నేర్పారన్నది మాత్రమే ఉంది. రామస్వామి 1943 జనవరిలో మరణించారు. నవల ఆ తరువాత వెలువడింది. కాబట్టి ఆ అంకితాన్ని తండ్రి చూడలేదు. అది మెప్పుకోసం రాసినది కాదు. తీర్చలేని ఋణాన్ని పాఠకుల సమక్షంలో నమోదు చేయడమే దాని ప్రయోజనం.

4. వంశప్రతిష్ఠ: నవల చెప్పిన మాట

తెలుగులో మనోవైజ్ఞానిక నవలలకు ఆద్యంగా విమర్శకులు పరిగణించే ‘అసమర్థుని జీవయాత్ర’లో కథానాయకుడు సీతారామారావు. వంశప్రతిష్ఠను నిలబెట్టాలన్న భావం అతణ్ణి ఆవరించి ఉంటుంది. ఆ ప్రతిష్ఠ కోసమే ఆస్తిని కరిగించుకుంటాడు. ఆస్తి పోయిన తరువాత మారిన పరిస్థితికి తగినట్టు జీవించలేకపోతాడు. చేతకానితనాన్ని తర్కంతో కప్పుకుంటూ, చుట్టూ ఉన్నవారిని హింసిస్తూ పతనమై, చివరకు శ్మశానంలో అంతమవుతాడు.

అంకితాన్ని, కథను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. తండ్రికి సమర్పించిన పుస్తకంలోనే పెద్దల పేరు మోయలేక కూలిపోయిన మనిషి కథ ఉంది. వారసత్వం రెండు విధాలని ఈ వైరుధ్యం సూచిస్తుంది. మొదటిది ప్రతిష్ఠ. అది కాపాడవలసిన వస్తువు, ఖర్చు చేస్తే తరిగిపోతుంది. రెండవది ప్రశ్న. అది వాడినకొద్దీ పదునెక్కుతుంది. సీతారామారావుకు దక్కింది మొదటిది. తనకు రెండవది దక్కిందని గోపీచంద్ అంకితంలో చెప్పుకున్నారు. తానూ ప్రసిద్ధుడైన తండ్రికి కుమారుడే కనుక, ఆ నాయకుని ప్రమాదం తనకు పరాయిది కాదని ఆయనకు తెలియకపోదు.

5. దారి మారిన కుమారుడు

గోపీచంద్ తొలిదశ ఆలోచనలు తండ్రి హేతువాదానికి సన్నిహితమైనవి. ఆయన ఎం.ఎన్. రాయ్ భావాలకు ఆకర్షితులై, రాడికల్ డెమొక్రటిక్ పార్టీలో పనిచేశారు. ప్రపంచ తత్త్వచింతనను తెలుగు పాఠకులకు ‘తత్త్వవేత్తలు’ ద్వారా పరిచయం చేశారు. తరువాతి కాలంలో ఆయన అరవిందుల తత్త్వం వైపు మొగ్గారు. ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’లో ఆ ప్రభావం స్పష్టం. వారసత్వమనే విషయం ఈ నవల పేరులోనే ఉంది. దీనికి 1963లో, గోపీచంద్ మరణానంతరం, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

హేతువాది కుమారుడు ఆధ్యాత్మిక చింతన వైపు మళ్లడాన్ని తండ్రి మార్గానికి ద్రోహంగా భావించే వీలుంది. ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చలేము. సూతపురాణకర్త ఆశయాల కొనసాగింపును కోరేవారికి ఈ పరిణామం నిరాశ కలిగించక మానదు. అయితే అంకితంలో గోపీచంద్ తండ్రి సిద్ధాంతానికి కట్టుబడతానని మాట ఇవ్వలేదు. ప్రశ్నించడం నేర్చుకున్నవాడు ఏదో ఒకనాడు ప్రశ్న నేర్పినవారి నిర్ణయాలనూ ప్రశ్నిస్తాడు. పురాణాలను గౌరవం కొద్దీ అంగీకరించరాదన్న తండ్రి, తన మాటను గౌరవం కొద్దీ అంగీకరించమని కుమారుణ్ణి కోరడం సాధ్యం కాదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలేవి రెండంశాలు. మొదటిది, రచయిత సంతానం చూపే గౌరవాన్ని సాహిత్యచరిత్రకారులు స్తోత్రంగా తీసిపారేయరాదు. సంతానం దేనిని ఎంచుకొని స్మరించిందో, దేనిని విడిచిపెట్టిందో గమనిస్తే, ఆ రచయిత ప్రభావం ఎట్లా పనిచేసిందో తెలుస్తుంది. రెండవది, అంగీకారం లేనిచోట గౌరవం ఉండదన్న భావన సరికాదు. తండ్రి గ్రంథాలను అనుకరించిన కుమారుడు ఆయన కీర్తిని పునరుక్తం చేసేవాడు. వాటి వెనుక ఉన్న ప్రశ్నను తనదిగా చేసుకొని వేరే దారిన నడిచిన గోపీచంద్, కవిరాజు ప్రభావం ఆయన పద్యాలకే పరిమితం కాదని నిరూపించారు.