గ్రామీణ క్రీడలకు ప్రభుత్వ నిధులు: యాలాల్ మండల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

స్వాతంత్ర్యానంతర భారతదేశంలో క్రీడలకు ప్రభుత్వ నిధులు ఏ మార్గాల్లో ప్రవహించాయి, అవి గ్రామం దాకా ఎంతవరకు చేరాయి అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వికారాబాద్ జిల్లాలో తాండూరు పట్టణానికి చేరువగా ఉన్న యాలాల్ మండలాన్ని పరిశీలనా కేంద్రంగా తీసుకొని, నిధి గ్రహీతగా ప్రభుత్వం ఎవరిని గుర్తించిందో కాలక్రమంలో వివరిస్తుంది. సమాఖ్య, పంచాయతీ, విజేత అయిన వ్యక్తి వరుసగా గ్రహీతలు కాగా, వీరి మధ్య నిలిచే గ్రామ క్రీడాసంఘానికి స్థిరమైన స్థానం లభించలేదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: యాలాల్, తాండూరు, గ్రామీణ క్రీడలు, పైకా, ఖేలో ఇండియా, క్రీడా ప్రాంగణాలు, క్రీడాసంఘాలు.

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రచనలో పతకాలకు, విజేతల జీవితాలకు దక్కినంత చోటు నిధుల చరిత్రకు దక్కలేదు. ఒక గ్రామంలో ఆట నిలవడానికి మైదానం, పరికరాలు, శిక్షకుడు, ఏటా కొంత ఖర్చు కావాలి. వీటిలో ప్రభుత్వం దేనికి డబ్బిచ్చింది, దేనికి ఇవ్వలేదు అన్న ప్రశ్నకు సమాధానం పాలనా చరిత్రలో దొరుకుతుంది.

ఈ ప్రశ్నకు యాలాల్ ప్రాంతం తగిన ఉదాహరణ. నిజాం రాష్ట్రంలో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినా, తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. తాండూరు హైదరాబాద్ జిల్లాలో భాగమై, 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోకి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలోకి మారింది. అరవై ఏళ్లలో ఈ ప్రాంతపు జిల్లా కేంద్రం పలుమార్లు మారింది. క్రీడానిధులకు జిల్లాయే ప్రధాన ద్వారం కాబట్టి ఈ మార్పులు విస్మరించదగినవి కావు.

2. సంస్థాన కాలపు ఆదరణ

హైదరాబాద్ రాష్ట్రంలో క్రీడాపోషణ రాజధానికే పరిమితమైంది. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ పోటీలు ప్రభువర్గపు ఆదరణకు ఉదాహరణ. ఉద్యోగం రూపంలో లభించిన పోషణకు హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఉత్తమ నిదర్శనం. ఎస్.ఎ.రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆటగాడికి నెలజీతం భరోసాగా ఉండటం ఆ విజయానికి దోహదం చేసింది. నేటి క్రీడాకోటా ఉద్యోగాల వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

గ్రామాల్లో పోషణ వేరు. తెలంగాణ-కర్ణాటక సరిహద్దు పల్లెల జాతరల్లో జరిగే కుస్తీ పోటీలకు ఖర్చు పెట్టేది ఊరివారే. చందాలు పోగుచేసి, గెలిచిన మల్లునికి వెండి కడియం బహూకరించే ఆనవాయితీ ఇందుకు ఉదాహరణ. ఇక్కడ పోషకుడు సర్కారు కాదు, సమష్టిగా ఊరు. ఈ సమష్టి రూపాన్ని తరువాతి ప్రభుత్వ విధానాలు ఎంతవరకు గుర్తించాయన్నదే ఈ వ్యాసంలోని కీలకాంశం.

3. సమాఖ్యలకు గ్రాంట్లు

1954లో ఏర్పడిన అఖిల భారత క్రీడామండలి సలహాతో కేంద్రం జాతీయ సమాఖ్యలకు గ్రాంట్లివ్వసాగింది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ ఏర్పడింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలు కేంద్రంలో క్రీడల శాఖ ఏర్పాటుకు, 1984లో జాతీయ క్రీడావిధానానికి, భారత క్రీడా ప్రాధికార సంస్థకు దారితీశాయి. 1998లో జాతీయ క్రీడాభివృద్ధి నిధి ఏర్పడింది.

ఈ క్రమంలో గ్రహీత సమాఖ్య. నిధి జాతీయ సమాఖ్య నుంచి రాష్ట్ర సంఘానికి, అక్కడి నుంచి జిల్లా సంఘానికి దిగాలి. జిల్లా సంఘానికి దిగువన ఉన్న గ్రామ జట్టుకు ఈ నిచ్చెనలో మెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టంతో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థకు శాసనబద్ధ రూపం వచ్చినా, పెద్ద పెట్టుబడులు నగరానికే వెళ్లాయి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో నిర్మించిన స్టేడియం ఇందుకు తార్కాణం.

4. రెండు అనుసూచుల మధ్య తేడా

రాజ్యాంగం ఏడవ అనుసూచిలో క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశం. 1992 నాటి 73, 74వ సవరణలు స్థానిక సంస్థల అంశాలను వేర్వేరుగా పొందుపరిచాయి. పురపాలికలకు సంబంధించిన పన్నెండవ అనుసూచిలో 12వ అంశం ఉద్యానవనాలతోపాటు ఆటస్థలాలను పేరుపెట్టి చెప్పింది. పంచాయతీలకు సంబంధించిన పదకొండవ అనుసూచిలోని 29 అంశాల్లో గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యకలాపాలు, సంతలు ఉన్నాయి. ఆటస్థలం లేదు, క్రీడలూ లేవు.

అంటే తాండూరు పురపాలక సంఘానికి రాజ్యాంగం గుర్తుచేసిన బాధ్యత, పక్కనున్న యాలాల్ పంచాయతీకి గుర్తుచేయలేదు. అనుసూచిలో పేరు లేనంత మాత్రాన పంచాయతీ ఆటస్థలం ఏర్పాటు చేసుకోకూడదని అర్థం కాదు. రాష్ట్ర చట్టం అందుకు అవకాశమివ్వవచ్చు. అయితే నిధుల బదలాయింపులో పేరున్న అంశానికి ఉండే బలం పేరులేని అంశానికి ఉండదు. తాగునీరు, రోడ్లు, పారిశుద్ధ్యం తరువాత మిగిలినదే క్రీడకు దక్కుతుంది.

5. పంచాయతీ గ్రహీతగా: పైకా

ఈ లోటును నేరుగా పూరించజూసిన పథకం 2008-09లో మొదలైన పంచాయత్ యువ క్రీడా ఔర్ ఖేల్ అభియాన్. పత్రికల్లో ఇది 'పైకా'గా ప్రసిద్ధం. పదేళ్లలో దేశంలోని పంచాయతీలన్నిటినీ చేర్చాలన్నది లక్ష్యం. ఒకసారి ఇచ్చే మూలధన గ్రాంటు గ్రామ పంచాయతీకి రూ. 1 లక్ష, బ్లాకుకు రూ. 5 లక్షలు. సాధారణ రాష్ట్రాల్లో కేంద్ర, రాష్ట్ర వాటాలు 75:25. గ్రామస్థాయిలో ఆటలు నడిపే 'క్రీడాశ్రీ'కి స్వల్ప గౌరవ వేతనం కూడా ఇందులో ఉంది.

పైకా ప్రత్యేకత మొత్తంలో కాదు, ఆకృతిలో ఉంది. మైదానంతోపాటు దాన్ని నడిపే మనిషిని కూడా ఖర్చుపద్దులో చేర్చిన గ్రామీణ పథకమిది. కానీ పదేళ్ల లక్ష్యం సగం దారిలోనే ఆగింది. 2014లో దీని స్థానంలో వచ్చిన రాజీవ్‌గాంధీ ఖేల్ అభియాన్ గ్రామాన్ని వదిలి బ్లాకును యూనిట్‌గా తీసుకుంది. 2016లో అది ఖేలో ఇండియాలో విలీనమైంది. అలా గ్రామ పంచాయతీ గ్రహీత స్థానం నుంచి తొలగిపోయింది.

6. మైదానానికి ఉపాధి నిధి

గ్రామ మైదానానికి మరో దారి గ్రామీణ ఉపాధి హామీ చట్టం నుంచి తెరుచుకుంది. ఆ చట్టం అనుమతించిన పనుల్లో ఆటస్థలాల నిర్మాణం చేరింది. 2022 జూన్‌లో పల్లెప్రగతిలో భాగంగా మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ఈ నిధులను వినియోగించుకున్నాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, వ్యాయామపు కడ్డీలు వీటి నమూనా.

గ్రామగ్రామాన ఆటస్థలం అనే భావనకు ఇంత విస్తృత రూపం ఇవ్వడం గమనార్హం. అయితే ఉపాధి నిధి స్వభావరీత్యా కూలికి సంబంధించినది. నేల చదును చేయడానికి, గుంత తవ్వడానికి అది సరిపోతుంది. బంతి కొనడానికి, శిక్షకుణ్ణి నియమించడానికి, మరుసటి ఏడు గడ్డి తీయించడానికి అందులో పద్దు లేదు. పైకాలో ఉన్న 'నడిపే మనిషి' ఇక్కడ కనిపించడు.

7. వ్యక్తి గ్రహీతగా

2014లో మొదలైన టార్గెట్ ఒలింపిక్ పోడియం పథకం, 2017లో పునర్వ్యవస్థీకరించిన ఖేలో ఇండియా వ్యక్తిని కేంద్రంగా చేసుకున్నాయి. ఖేలో ఇండియాలో ఎంపికైన క్రీడాకారునికి ఏటా రూ. 5 లక్షల చొప్పున 8 ఏళ్లు సాయమందించాలని 2017లో నిర్ణయించారు. మూడేళ్లకు కేటాయింపు రూ. 1,756 కోట్లు. ఇది గెలుపుకు ముందే అందే సాయం కాబట్టి గుణాత్మకమైన మార్పు.

రాష్ట్రస్థాయిలో గెలుపు తరువాతి పురస్కారమే ప్రముఖం. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచినప్పుడు ప్రభుత్వం రూ. 2 కోట్లు ప్రకటించింది. వరంగల్ ప్రాంతపు కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించగా రూ. 1 కోటి, ఇంటిస్థలం, ఉద్యోగం ప్రకటించింది. ఆమె శిక్షకునికి కూడా రూ. 10 లక్షలు ప్రకటించింది. శిక్షకుణ్ణి గుర్తించడం విశేషమే. అయినా ఆ గుర్తింపు పతకం వచ్చాకనే సాధ్యమైంది. పల్లెలో మొదటి అయిదేళ్లు ఆమెలాంటి వారిని గమనించి, మైదానానికి రప్పించే సంఘానికి ఈ లెక్కల్లో స్థానం లేదు.

8. గ్రామ క్రీడాసంఘం స్థితి

సంఘాలకు చట్టబద్ధత కొత్త విషయం కాదు. హైదరాబాద్ రాష్ట్రంలో 1350 ఫసలీ నాటి పబ్లిక్ సొసైటీల చట్టం, అనంతరం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం గ్రామ యువజన సంఘాలకు ఉనికినిచ్చాయి. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు అనుబంధ సంఘాలకు క్రీడాసామగ్రి అందించాయి. సంఘానికి నేరుగా అందిన సాయాల్లో ఇది ముఖ్యమైనదైనా, సామగ్రికే పరిమితమైంది. అంటే సంఘం నమోదు కాగలదు గాని, నమోదైన కారణంగా ఏటా నిర్వహణ గ్రాంటుకు అర్హత పొందదు.

ముగింపు

ఈ పరిశీలనలో మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, నిధుల కొరత కన్నా గ్రహీత ఎంపికే గ్రామీణ క్రీడను ఎక్కువగా ప్రభావితం చేసింది. రెండు, పథకం మారిన ప్రతిసారీ యూనిట్ కూడా మారడంతో ఒక పథకం కింద మొదలైన పని తరువాతి దానిలో కొనసాగలేదు. మూడు, స్థలానికీ, విజేతకూ పద్దు ఉంది. ఆ రెండింటినీ కలిపే సంఘానికి లేదు.

మైదానం ఉన్న ప్రతి గ్రామంలో నమోదిత క్రీడాసంఘానికి దాని నిర్వహణ బాధ్యతను, దానితోపాటు చిన్నదైనా ఏటేటా అందే గ్రాంటును అప్పగించడం పైకా అనుభవం సూచించే పరిష్కారం. జాతర కుస్తీకి చందా వేసుకునే ఊరికి సమష్టి నిర్వహణ కొత్త కాదు. యాలాల్ వంటి మండలాల్లో పైకా గ్రాంట్ల వినియోగం, ప్రాంగణాల ప్రస్తుత స్థితి, సంఘాల నమోదు పత్రాలు క్షేత్రస్థాయి పరిశోధనకు ఎదురుచూస్తున్న ఆకరాలు. ఆ పరిశోధన జరిగినప్పుడే గ్రామీణ క్రీడాచరిత్ర విజేతల జాబితాను దాటి సంపూర్ణమవుతుంది.