సర్కారు తుమ్మ వచ్చిన దారి

మా ఆఫీసు ఏడో అంతస్తు కిటికీలోంచి చూస్తే రెండు అద్దాల బిల్డింగుల మధ్య ఇంకా ఎవరూ కట్టని జాగా ఒకటి కనిపిస్తుంది. నాలుగు గుండ్లు, వాటి చుట్టూ తుప్పలు. ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉంటాయి కాబట్టి, అదేదో మిగిలిపోయిన పాత అడవి అనుకున్నాను చాలాకాలం. ఒకరోజు దగ్గరికెళ్లి చూస్తే అంతా సర్కారు తుమ్మ. అడవి కాదు, ఒకప్పటి సర్కారు వారి ప్రాజెక్టు అన్నమాట.

ఆ పేరు ఊరికే రాలేదు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్, ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖను అడిగాడు. మరుసటి ఏడాది కడప జిల్లా కమలాపురంలో నాటారు. అవి ధాత కరువు రోజులు. పశువులకు మేత లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు. నీళ్లడగకుండా బతికి, వంటచెరకిచ్చే చెట్టు కావాలనుకోవడం అప్పుడు ఎవరికైనా సబబుగానే తోచి ఉంటుంది. బెడ్డోమ్‌ని విలన్‌ని చేయడానికి నాకు మనసొప్పదు.

అయితే అమెరికా ఖండం నుంచి చెట్టు వచ్చింది గానీ, దాన్ని అదుపులో పెట్టేవేవీ దానితో రాలేదు. తియ్యటి కాయల్ని మేకలు తింటాయి. గట్టి గింజ అరక్కుండా పెంటికల్లో బయటపడి ఇంకా బాగా మొలుస్తుంది. కొడితే మొదట్లోంచి పది కొమ్మలేస్తుంది.

ఇది ఎక్కిన నేల ఎలాంటిదో గచ్చిబౌలి పాత పేరులోనే ఉంది: కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువులు మేసే గడ్డినేల. గుండ్ల మధ్య బోదగడ్డి, అక్కడక్కడా మోదుగ, రేగు, పరికి. సీతాఫలం కూడా ఉంటుంది. అదీ అమెరికా నుంచి వచ్చిందే, కానీ దాన్ని పరాయిదని ఎవరూ అనరు. పరాయితనం ఒక్కటే నేరం కాదు మరి. పక్కవాళ్లను బతకనివ్వకపోవడం నేరం.

శిస్తు రాని గడ్డినేలను బంజరు అని రాసుకోవడం తెల్లదొరల రెవెన్యూ లెక్కల నాటి అలవాటు. బంజరు కాబట్టి మొదట చెట్లు నాటాలనిపించింది, తర్వాత బిల్డింగులు కట్టాలనిపించింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వెళ్లాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆ వారమంతా నేను విన్న గొడవ ఒక్కటే: అది అడవా, ఉత్త తుప్పలా? కోర్టు ఆపినందుకు సంతోషించినవాణ్ణే, కానీ రెండు పక్షాలూ చెట్లనే లెక్కపెడుతుంటే ఇబ్బందిగా అనిపించింది. గడ్డి సంగతి ఎవరికీ పట్టలేదు. పైగా బుల్డోజర్ తిరగేసిన మట్టిలో ముందు మొలిచేది వయ్యారిభామే.

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు 1930లలోనే పాడైన పొలంలో గడ్డినేలను మళ్లీ పెంచారు. వాళ్ల పనిముట్టు నిప్పు. అక్కడి గడ్డికి ప్రాణం భూమిలోపల ఉంటుంది, కాలినా లేస్తుంది. ఇక్కడ అదే పని చేస్తే పులికంపా లేస్తుంది, తుమ్మా లేస్తుంది. పులికంపకు ఢిల్లీ యూనివర్సిటీకి చెందిన సి.ఆర్. బాబు ఒక పద్ధతి చెప్పారు: వేరును నేలకు కాస్త కింద నరికి, తుప్పను ఎత్తి తలకిందులుగా పడేయాలి. ఆ ఖాళీలో వెంటనే గడ్డి వేయాలి, కొన్నేళ్లు కాపలా కాయాలి. యంత్రానికి కుదిరే పని కాదు.

పోయిన వానాకాలం ఓ ఆదివారం నలుగురు మిత్రులతో పులికంప పీకడానికి వెళ్లాను. గంటన్నరకే చేతులు బొబ్బలెక్కాయి. పట్టుమని పది తుప్పలు కూడా లేవలేదు. కూలికొచ్చిన పెద్దామె నా గడ్డపార ఆపి, "అది గాదు బిడ్డా, అది పరికి. పండ్లు తింటరు, ఇడిసిపెట్టు" అంది. నా కంటికి రెండూ ముళ్లకంపలే. ఎట్లా గుర్తుపట్టాలని అడిగితే, పులికంప ఆకు ఒకటి తుంచి, నలిపి, నా ముక్కు దగ్గర పెట్టింది.