గోదావరి గట్టున పలుచని సీమ

ఓరుగల్లు నుండి ఈశాన్యముగా ప్రయాణము చేయువారికి పరకాల దాటిన పిమ్మట ఊరికిని ఊరికిని నడుమ దూరము హెచ్చుచుండుట కనిపించును. పొలములు సన్నగిల్లి టేకు, ఇప్ప, తునికి చెట్లు దారికి చేరువగా వచ్చును. ఇది భూపాలపల్లి సీమ. 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదులతో పాటు పాత వరంగల్లు జిల్లా నుండి ఇదియు విడివడి, ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరిట జిల్లా అయినది. కరీంనగరు జిల్లాలోని కాటారము, మహదేవపురము భాగములను కూడ ఇందులో చేర్చిరి.

2011 జనాభా లెక్కలను ఈ కొత్త హద్దులకు సరిపెట్టి చూచినచో జనగామలోను, మహబూబాబాదులోను చదరపు కిలోమీటరునకు రమారమి 260 మంది కలరు. ఇచ్చట 6,175 చదరపు కిలోమీటర్లలో 7,11,434 మంది, అనగా కిలోమీటరునకు 115 మంది మాత్రమే. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరు జిల్లా కాగా, ఆ పలుచదనములో పెద్దపాలు ములుగునకే పోయినది. అయినను మేము ఈ రెంటిని కలిపియే చెప్పుచున్నాము. కాకతీయుల చెరువులకు నిన్నమొన్నటి హద్దురాళ్లతో పని లేదు గదా!

జనము తక్కువగుటకు అడవియే కారణమని పలువురందురు. మరి అడవి జనగామలో ఏల నిలువలేదు, ఇచ్చట ఏల నిలిచినది? నీటి సంగతి చూడవలెనని మాకు తోచుచున్నది. పడమట నేల గట్టి రాతినేల. వాగునకు అడ్డముగా చిన్న కట్ట వేసినను నీరు నిలుచును; కనుక ఊరికొక చెరువు, చెరువుకొక ఊరు వెలసినవి. గోదావరి వైపు పోవుకొలది కొండలును, ఇసుకరాతి పొరలును హెచ్చును. అచ్చట సామాన్య రైతులు నలుగురు కూడి కట్టగల చెరువులు అరుదు. కొండల సందు చూచి పెద్ద కట్ట వేయవలె. అందుకు రాజో, సేనానియో పూనుకొనవలె.

కాకతీయుల కాలమున అట్లే పూనుకొనిరి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడిని ప్రతిష్ఠించినట్లు 1213వ సంవత్సరపు శాసనము చెప్పుచున్నది. నిజాం ప్రభుత్వ పురాతత్త్వ శాఖాధిపతి యజ్దానీ ఆ గుళ్లపై 1922లో గ్రంథము వెలువరించెను. 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. గుడిని చూచి మురిసినవారిలో ఎందరో చెరువు కట్ట ఎక్కకయే మరలుదురు. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున మాత్రమే కట్ట! ఆ చోటు ఎంచినవాని కన్ను శిల్పి ఉలికి తీసిపోదని మా అభిప్రాయము. గణపురములోని గణపసముద్రమును, దాని చెంత ఇరువదికి పైగా గుళ్లున్న కోటగుళ్లును ఆ కాలపువే. ఇన్ని గుళ్లకు దీపము పెట్టిన ఊరు చిన్నది కాజాలదు. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత పెద్ద కట్టలను కనిపెట్టువారు కరవైరి. కట్ట తెగిన చోట పైరు పోవును, పైరు పోయిన చోట జనము కదలిపోవుదురు, అడవి తిరిగి వచ్చును.

మరి గోదావరి ఉన్నది కదా యని శ్రోతలు అడుగవచ్చును. కాళేశ్వరము వద్ద ప్రాణహిత వచ్చి కలియగా నది సముద్రము వలె కనిపించును. అచ్చటి ఆలయమున ఒకే పానవట్టముపై యమునికి, శివునికి రెండు లింగములు కలవు. అయితే ఆ నీరు లోతున పారును, గట్టు పైనున్న పొలమునకు ఎక్కదు. నదిని వాడుకొన వచ్చినవారును ఈ గట్టువారి కొరకు రాలేదు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ తలపు ననుసరించి, బీరారు ప్రత్తిని పడవలపై సముద్రమునకు చేర్చుటకు 1860 తరువాత ఆంగ్లేయులు పనులు సాగించిరి. నడుమనున్న మూడు రాతి అడ్డంకులలో మొదటిది దుమ్ముగూడెము కడ, రెండవది ఈ సీమలోని ఇంచంపల్లి కడ. జ్వరములు కూలివారిని పీడించినవి. 1867లోనే నాగపురమునకు రైలు వచ్చినది. 1871లో పని మానివేసిరి. ఇంచంపల్లి దారి పూర్తి కానేలేదు.

మరల 2019 జూన్ 21న మేడిగడ్డ ఆనకట్టను ప్రారంభించిరి. నీటిని పడమటికి ఎత్తిపోయుటయే దాని ఉద్దేశము. 2023 అక్టోబరు 21న దాని స్తంభములు కొన్ని క్రుంగినవి. కారణములు ఎవ్వరు తేల్చినను, ఆ నీరు ప్రధానముగా దూరపు చేలకు ఉద్దేశించినదను మాట మారదు.

ఈ కాలమున జనమును ఇచ్చటికి రప్పించినది నీరు కాదు, బొగ్గు. సింగరేణి గనులు వచ్చి భూపాలపల్లిని పట్టణముగా చేసినవి. గణపురము మండలములోని చెల్పూరున 2010లో 500, 2016లో 600 మెగావాట్ల విద్యుత్కేంద్రములు వెలసినవి. అదే మండలమున, గణపసముద్రము క్రింద, నేటికిని వరి పండుచున్నది.