పాత బండికి క్రొత్త యింజను: శ్రీహరికోట చరిత్రలో నొక ఘట్టము



పాత బండికి క్రొత్త బలము నమర్చుట మన పల్లెలకు తెలియని పని కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కఱవైనప్పుడు చెన్నరాజధానిలో అనేక బస్సులకు, లారీలకు వెనుకభాగమున బొగ్గుల కొలిమిని తగిలించిరి. బొగ్గు మండగా పుట్టిన వాయువును గొట్టము ద్వారా ఇంజనులోనికి పంపి బండిని నడపిరి. ఇంజను పాతదే, దాని ఆహారము మాత్రము మాఱెను. అంతమాత్రమునకే బండి బలము బాగుగ తగ్గెను. గట్టు ఎక్కుట కష్టమయ్యెను. ఉదయమున కొలిమి రాజవేయుటకే కొంత కాలము పట్టెడిది. ఆహారము మార్చినంతనే ఇన్ని చిక్కులు వచ్చినచో, పాత బండిలోని ఇంజనునే తీసివేసి, మునుపెన్నడును నడువని క్రొత్తదానిని పెట్టినప్పుడు ఎన్ని చిక్కులు రావలెను? అట్టి ప్రయత్నమొకటి మన నెల్లూరు తీరమున, శ్రీహరికోటలో జరిగినది. ఆ బండి నేలమీద నడచునది కాదు, ఆకాశమున కెగయునది. నేటి ప్రసంగమున ఆ చరిత్రను మనవి చేసెదను.

శ్రీహరికోట పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న దీవి. 1835లో ప్రభుత్వమువారు ఈ దీవిని స్వాధీనము చేసికొనిరి. చెన్నపట్టణమునకు వంటచెఱకు సమకూర్చుట వారి ఉద్దేశము. ఆనాడు అడవిలో నివసించు యానాదులు కఱ్ఱను కఱ్ఱతో మథించి నిప్పు పుట్టించుచుండిరని తరువాతివారు వ్రాసిరి. పిమ్మట చాలకాలము ఇచ్చటి కట్టెలు బకింగుహాము కాలువమీద పడవలలో చెన్నపట్టణము చేరి, అచ్చటి పొయ్యిలలో మండెను. 1969లో ఈ దీవిని రాకెట్టు ప్రయోగములకై ఎన్నుకొనిరి. తూర్పున సముద్రము, చుట్టును జనసంచారము తక్కువ. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గావున తూర్పుదిక్కునకు విడిచిన రాకెట్టునకు ఆ వేగము గూడ కలిసివచ్చును. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టు ఇచ్చటినుండి తొలిసారి ఎగసెను. దీవిలోని పల్లెలవారు తమ ఇండ్లను, భూములను విడిచి వెలుపలికి పోవలసివచ్చెను. ఈ కథ చెప్పునప్పుడు ఆ మాట మఱువరాదు.

ఇక బండి సంగతి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమధ్యరేఖకు మీదుగా తిరుగు ఉపగ్రహము భూమితో సమానముగ తిరుగును. అందుచే అది మనకు ఒకేచోట నిలిచియున్నట్లు కనబడును. అచ్చట నున్న ఉపగ్రహము సముద్రముమీది మేఘములను రాత్రింబవళ్ళు చూచుచుండగలదు. ఒక యూరి మాటను వేఱొక యూరికి చేర్చగలదు. మనదేశము ఇట్టి ఉపగ్రహములను చేయుట నేర్చినది గాని, అంత యెత్తునకు వానిని పంపు బండి మనకు చాలకాలము లేకపోయెను. 1983లో ఇన్శాట్ 1బి అమెరికావారి వాహనములో పోయెను; పిమ్మట అనేక ఉపగ్రహములు దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి ఏరియాన్ రాకెట్టులమీద పోయెను. సరకు మనది, బండి పరులది. కిరాయి వారు చెప్పినది, దినము వారు పెట్టినది.

ఈ కొఱత తీర్చుటకై సంకల్పించిన బండికి జి.యస్.ఎల్.వి. యని పేరు. దానిని తీసికొనివచ్చి ఒక్కసారిగ క్రొత్తగ నిర్మింపలేదు. చేతిలోనున్న పాత భాగములతోనే కూర్చిరి. మొదటి మెట్టులోని ఘన ఇంధనపు మోటారు పి.యస్.ఎల్.వి. యను మునుపటి రాకెట్టునుండి వచ్చినది. ప్రక్కనున్న నాలుగు యంత్రములును, రెండవ మెట్టులోని యంత్రమును వికాస్ ఇంజనులు. 1974లో ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందమువలన అచ్చటి వైకింగ్ ఇంజను విద్యను మనవారు నేర్చి, వికాస్‌ను తయారు చేసిరి. ఈ చట్రముమీద మూడవ మెట్టుగా ఒక క్రొత్త ఇంజనును నిలుపవలెను. అదియే క్రయోజెనిక్ ఇంజను, అనగా అతిశీతల యంత్రము.

ఈ యంత్రమున కాహారము ఉదజని, ఆమ్లజని. రెండును మనకు వాయువులే. వానిని ద్రవములుగా చేయుటకు ఆమ్లజనిని సున్నకు దిగువ 183 డిగ్రీలకును, ఉదజనిని సున్నకు దిగువ 253 డిగ్రీలకును చల్లార్పవలెను. అంత చలిలో సాధారణ లోహములు గాజువలె పెళుసులగును, రబ్బరు కట్లు బిఱుసెక్కును, కీళ్ళు ముడుచుకొనును. అట్టి చల్లని ద్రవము ఒకవైపున ప్రవహించుచుండగా, వ్రేళ్ళు పట్టునంత దూరములోనే వేల డిగ్రీల మంట మండుచుండవలెను. ఇంత కష్టమెందుకని అడుగుదురేమో. ఇతర ఇంధనములకంటె కిలోకు కిలో ఈ జంట యిచ్చు త్రోపు మిగుల ఎక్కువ. రాకెట్టు పైమెట్టున ఒక కిలో బరువు తగ్గినచో ఒక కిలో ఉపగ్రహమును అధికముగ మోయవచ్చును. కనుక పైమెట్టున కిదియే తగిన యింజను.

ఈ విద్య అప్పటికి అమెరికా, రష్యా, ఫ్రాన్సు, జపాను, చైనాల చేతిలో నుండెను. 1991లో మనదేశము సోవియట్ యూనియనుకు చెందిన గ్లావ్‌కాస్మాస్ సంస్థతో ఒప్పందము చేసికొనెను. ఇంజనులతో బాటు వానిని చేయు విద్యను గూడ ఇచ్చునట్లు మాట. ఈ విద్య క్షిపణులకు పనికివచ్చునని అమెరికా అభ్యంతరము చెప్పి, 1992లో ఉభయ సంస్థలమీదను ఆంక్షలు విధించెను. గంటలకొలది శీతలద్రవములను నింపి సిద్ధము చేయవలసిన ఇంజను యుద్ధమున కేమి పనికివచ్చునని అనేకులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు ఫలము కలుగలేదు. 1993లో రష్యా విద్యను ఇచ్చుట మానుకొనెను. తరువాత కుదిరిన మాట ప్రకారము, సిద్ధముగా చేసిన ఏడు మెట్లను మాత్రము మన కిచ్చెను. చేప నిచ్చిరి, వల నల్లుట నేర్పలేదు.

ఆ రష్యా యింజను చరిత్రయు విచిత్రమే. అది 1960 తరువాతి సంవత్సరములలో సోవియట్ వారు చంద్రునిపైకి మనుజులను పంపదలచి నిర్మించుచుండిన రాకెట్టు కొఱకు రూపొందినది. ఆ ప్రయత్నము ఆగిపోగా, ఇంజను ఏనాడును ఎగురక కొట్టములోనే యుండెను. అది తొలిసారి ఆకాశమునకు పోయినది 2001 ఏప్రిల్ 18వ తేదీన, శ్రీహరికోటనుండి, మన బండిమీద. రష్యా యింజనుతో మన బండి 2003లో జీశాట్ 2ను, 2004లో ఎడ్యుశాట్‌ను పంపెను. కాని ఆ యింజనులు లెక్కపెట్టినన్నియే. అవి తీరిన నాడు బండి నిలిచిపోవలసినదే. ఆ సంగతి నెఱిగి మనవారు 1994లోనే సొంత ఇంజనుకు పూనుకొనిరి. తమిళదేశమున మహేంద్రగిరియందు దానిని పరీక్షించిరి. 2007 నవంబరు 15వ తేదీన నేలమీద నిలిపి 720 సెకండ్లు నిరాటంకముగా మండించిరి.

ఇంజను మార్పు దినము వచ్చెను. 2010 ఏప్రిల్ 15వ తేదీ సాయంకాలము స్వదేశపు ఇంజనుతో బండి లేచెను. మొదటి రెండు మెట్లును 293 సెకండ్లవఱకు తప్పు లేక నడచెను. పిమ్మట క్రొత్త యింజను వంతు వచ్చెను. అది అంటుకొనెను. ఉదజనిని లోనికి తోయు చిన్న పంపు నిమిషమునకు సుమారు 34,800 చుట్ల వేగమందుకొని, ఒక సెకండైన నిలువక మందగించి ఆగిపోయెను. ఆహారము రాని యింజను మండదు. జీశాట్ 4 ఉపగ్రహముతో సహా బండి సముద్రము పాలయ్యెను. పదునాఱేండ్ల కృషి ఒక్క పంపు దగ్గఱ ఆగినది. నేలమీద 720 సెకండ్లు మండిన యింజనే గదా యని సంశయము కలుగవచ్చును. నేలమీది పరీక్ష వేఱు; గాలి లేని చోట, అదరుచు, వేగమున పోవుచున్న బండిమీద అంటుకొనుట వేఱు.

అదే సంవత్సరము డిసెంబరు 25వ తేదీన రష్యా యింజనుతోనే మఱొక బండిని పంపిరి. ఈ మాఱు ఇంజను వంతు రాకముందే, మూడవ మెట్టు క్రింది కప్పు వంగి, విద్యుత్తీగల కలయికలు తెగిపోయెను. బండి అదుపు తప్పెను, దానిని పేల్చివేయవలసివచ్చెను. రెండు ఓటముల తరువాత మనవారు తొందరపడలేదు. మూడేండ్లు ఏ బండియు లేవలేదు. పంపును మార్చిరి, ఇంజను అంటుకొను క్రమమును దిద్దిరి, కప్పును బలపఱచిరి, గాలి లేని స్థితిని నేలమీదనే కల్పించి అందు ఇంజనును వెలిగించి చూచిరి. ఆ సంవత్సరములలో అంతరిక్ష సంస్థకు అధ్యక్షులు డాక్టరు కె. రాధాకృష్ణన్.

2013 ఆగస్టు 19వ తేదీన బండి సిద్ధమయ్యెను. ఇంధనము నింపిరి. ఇక 74 నిమిషములున్నవనగా రెండవ మెట్టు తొట్టినుండి ఇంధనము కారుచున్నట్లు కనబడెను. వెంటనే ప్రయోగమును ఆపివేసిరి. ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. లోపము క్రొత్త యింజనులో లేదు. అనేక పర్యాయములు వాడిన పాతమెట్టులో నున్నది. తొట్టి లోహమునకు పగులు వచ్చినది. పాత చట్రమునకు క్రొత్త యింజను బిగించువాడు ఇంజనును మాత్రమే పరీక్షించినచో చాలదు. చట్రమును గూడ తట్టి చూడవలెను. మన కమ్మరులు, లారీ మేస్త్రీలు ఈ నీతి నెఱుగుదురు. ఆ బండిని వెనుకకు తీసికొనిపోయి, రెండవ మెట్టును వేఱు లోహమిశ్రమముతో చేసిన తొట్టిగలదానితో మార్చిరి. దేశమంతయు చూచుచుండగా నిలిపివేయుటలో వారు సిగ్గుపడలేదు. విడిచియున్నచో మఱియొక ఉపగ్రహము సముద్రములో కలిసియుండెడిది.

2014 జనవరి 5వ తేదీ సాయంకాలము 4 గంటల 18 నిమిషములకు బండి మరల లేచెను. రెండు మెట్లు రాలిపోయెను. స్వదేశపు ఇంజను అంటుకొనెను, పంపు ఆగలేదు. సుమారు పండ్రెండు నిమిషములు మండి, 1,982 కిలోల బరువుగల జీశాట్ 14ను అనుకొన్న కక్ష్యలో విడిచెను. యానాదులు కఱ్ఱలు మథించి నిప్పు చేసిన దీవిమీదినుండి లేచిన బండి, ఉదజనిని ఆమ్లజనిని కలిపి ఆకాశమున నిప్పు చేసెను.

ఆ దినముతో కష్టములన్నియు తీరెనని చెప్పుట సత్యము కాదు. 2021 ఆగస్టు 12వ తేదీన ఉదజని తొట్టి మూతలో కలిగిన కారుటవలన పీడనము తగ్గి, ఇంజను సరిగా మండక, ఒక ఉపగ్రహము పోయెను. కారణము కనుగొని దిద్దిరి. 2023లో బండి మరల విజయముతో లేచెను. 2025 జనవరి 29వ తేదీన శ్రీహరికోటనుండి జరిగిన నూఱవ ప్రయోగమునకు ఈ బండియే వాహనమయ్యెను. ఇంజను విద్య చేతికి వచ్చిన తరువాత అంతకంటె పెద్దదానిని గూడ చేసిరి. 2023 జూలై 14వ తేదీన చంద్రయానమును మోసికొనిపోయిన పెద్ద వాహనమునకు పైమెట్టు అట్టి స్వదేశపు క్రయోజెనిక్ యంత్రమే.

ఇందువలన పల్లెవాని కేమి లాభమని పెద్దలడుగుదురు, అడుగుట న్యాయమే. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలకొలది జనులు మరణించిరి. సముద్రముమీద ఏమి పుట్టుచున్నదో ఎడతెగక చూచు కన్ను ఆనాడు మనకు ఆకాశమున లేదు. 2016లో ఇన్శాట్ 3డిఆర్‌ను, 2024లో ఇన్శాట్ 3డిఎస్‌ను పంపినది ఈ జి.యస్.ఎల్.వి. బండియే, ఈ స్వదేశపు ఇంజనే. ఈ రెండును వాతావరణమును చూచు ఉపగ్రహములు. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు దాని రూపమును, నడకను అవి పైనుండి పట్టి పంపును.

కనుక తుపాను వచ్చుచున్నదని, వేటకు పోవలదని రేడియో చెప్పినప్పుడు మీ గ్రామమున నలుగురికి ఆ మాట చేర్పుడు. పడవలను ఒడ్డుకు లాగించుడు. ముసలివారిని, పసివారిని మిట్టకు తరలింపుడు. ఆ హెచ్చరిక వెనుక ఇరువదేండ్ల శ్రమయు, సముద్రము పాలైన బండ్లును, ఒక దీవి విడిచిపోయిన జనుల త్యాగమును ఉన్నవి. దానిని విని ఊరకుండుట ఆ శ్రమను వ్యర్థము చేయుటయే యగును.