కుద్రతె ఖుదా సాబ్: ఒక కెమిస్ట్రీ ఉస్తాద్

ఆ పేరు వింటేనే మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు నవ్వొస్తుంది. ఏదన్నా వింత చూసినప్పుడు నానీమా నోట్లోంచి వచ్చే మాట కదా అది! బెంగాల్‌లో ఒక అబ్బా తన కొడుక్కి ఆ పేరే పెట్టాడు. 1900లో బీర్భూమ్ జిల్లా మార్‌గ్రామ్‌లో పుట్టిన ముహమ్మద్ కుద్రతె ఖుదా సంగతి ఇది.

ఆయన కలకత్తా మదర్సా నుంచి మెట్రిక్ పాసైంది 1918లో. మన హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన సాల్ కూడా అదే. ఇక్కడ దారుల్ తర్జుమాలో కూర్చుని ఉలమా, ప్రొఫెసర్లు కెమిస్ట్రీకి ఉర్దూ లఫ్జులు వెతుకుతుంటే, అక్కడ ఆ కుర్రాడు ప్రెసిడెన్సీ కాలేజీలో అదే కెమిస్ట్రీని ఇంగ్లీషులో చదివాడు. 1929లో లండన్ నుంచి డి.ఎస్సీ తెచ్చుకున్నాడు. 1931లో తను చదివిన కాలేజీలోనే ఉస్తాద్ అయ్యాడు.

తర్వాత కుర్చీలు వరసగా వచ్చాయి. కలకత్తా ఇస్లామియా కాలేజీకి ప్రిన్సిపాల్, 1946లో ప్రెసిడెన్సీకి ప్రిన్సిపాల్. తక్సీమ్ తర్వాత ఢాకా వెళ్లి తూర్పు పాకిస్తాన్ విద్యాశాఖకు డైరెక్టర్ అయ్యాడు. ఆ తర్వాత లేబరేటరీల పెద్దగా, నార తీశాక మిగిలే జనపపుల్లతో బోర్డులు చేయించాడు. పొయ్యిలో పెట్టే పుల్ల అది!

ఆయన తాలిబ్‌ఇల్మ్‌ల కోసం చేసిన అసలు పని మాత్రం జబాన్ గురించి. తను ఇంగ్లీషు గోడ దూకాడు. దూకలేనివాళ్ల సంగతేంటి? అందుకే ఆర్గానిక్ కెమిస్ట్రీని బంగ్లాలో రాశాడు. పిల్లల కోసం కూడా సైన్సు పుస్తకాలు రాశాడు.

ఇక్కడ మనకు కాస్త చేదు మాట. ఉర్దూలో చదివించిన ఉస్మానియా అంటే మనకు ఫఖ్ర్. కానీ అదే ఉర్దూను ఒక్కదాన్నే కౌమీ జబాన్ అని తమ మీద రుద్దినందుకు ఢాకా పిల్లలు ఎదురు తిరిగారు. 1952 ఫిబ్రవరి 21న పోలీసు తూటాలకు షహీద్ అయ్యారు. వాళ్లూ ముసల్మానులే. అమ్మీ మాట్లాడే మాటలో తాలీమ్ కావాలన్నది ఉస్మానియాలో హక్ అయితే ఢాకాలో గద్దారీ ఎట్లా అవుతుంది? ఉర్దూ మీద మొహబ్బత్ ఉన్నవాళ్లమే ఈ సవాల్‌కు ముందు జవాబివ్వాలి.

1972లో కొత్త బంగ్లాదేశ్ తన మొదటి విద్యా కమిషన్‌ను ఆయన చేతిలో పెట్టింది. పెట్టిన ముజీబుర్ రహ్మాన్ 1940లలో ఆ ఇస్లామియా కాలేజీ విద్యార్థే. 1974 నాటి రిపోర్టు రెండు పెద్ద మాటలు చెప్పింది: ప్రైమరీ చదువు ఎనిమిదో తరగతి దాకా ఉండాలి, అన్ని మెట్ల మీదా బంగ్లాలోనే చెప్పాలి. మరుసటి ఏడు ముజీబ్ ఖత్ల్ అయ్యాడు. రిపోర్టు మూలన పడింది.

కుద్రతె ఖుదా సాబ్ 1977 నవంబరులో ఢాకాలో ఇంతెఖాల్ అయ్యారు. ఎనిమిదో తరగతి మాట 2010 విద్యా విధానంలో మళ్లీ బయటికొచ్చింది.