కలరా తాకని దారి

కలరా సోకిన మనిషి కొన్ని గంటల్లోనే ఎండిపోతాడు. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం గంటకు లీటరు దాకా పోతుంది. కళ్లు లోతుకు పోతాయి, వేళ్ల చర్మం ముడతలు పడుతుంది, నాడి అందదు. తెలంగాణ పల్లెలు గత్తర అని భయపడిన ఈ జబ్బు 19వ శతాబ్దంలో గంగా డెల్టా నుంచి ఓడలెక్కి ఖండాలు దాటింది. అది నీటి ద్వారా పాకుతుందని 1854లో లండన్‌లో జాన్ స్నో చూపించారు. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలో, కామా ఆకారంలో ఉండే సూక్ష్మజీవిని రోగుల పేగుల్లో గుర్తించి, కారణం ఇదేనన్నారు. ఇంత తెలిసినా, మంచం పట్టిన రోగికి ఒరిగింది చాలా తక్కువ.

పోయిన నీటిని తిరిగి ఎక్కించాలన్న ఆలోచన పాతదే. 1832లో స్కాట్లండ్ వైద్యుడు థామస్ లట్టా రోగుల నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించారు. 20వ శతాబ్దం మొదట్లో లియొనార్డ్ రోజర్స్ కలకత్తాలో అదే పద్ధతిని మెరుగుపరిచి మరణాలను బాగా తగ్గించారు. అయితే సెలైనుకు శుద్ధమైన నీరు, సీసాలు, సూదులు, చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. కలరా వచ్చే చోట సరిగ్గా అవే ఉండవు. మరి నోటితో తాగిస్తే? తాగింది తాగినట్టే బయటికి పోతుందనీ, కలరా పేగు లోపొరను ఊడబెరుకుతుందనీ, గాయపడిన పేగుకు విశ్రాంతి ఇవ్వాలనీ వైద్యులు నమ్మేవారు. శవపరీక్షల్లో లోపొర ఊడినట్టు కనిపించడమే ఆ నమ్మకానికి ఆధారం. అది జబ్బు చేసిన పని కాదు, ప్రాణం పోయాక జరిగే మార్పు. చచ్చిన పేగును చూసి బతికున్న పేగు మీద తీర్పు చెప్పారు. ఆ తీర్పు ఎన్ని ప్రాణాలు తీసిందో లెక్కకట్టలేం.

దాన్ని తిరగరాసిన పరిశోధనల్లో అతి ముఖ్యమైనది కలకత్తాలోనే జరిగింది. శంభునాథ్ దే 1915లో హుగ్లీ జిల్లా గరిబాటి గ్రామంలో, సామాన్య కుటుంబంలో పుట్టారు. లండన్‌లో రాయ్ కామెరాన్ దగ్గర పాథాలజీలో పీహెచ్‌డీ ముగించుకుని 1949లో తిరిగి వచ్చి, వైద్య కళాశాలల్లో పాఠాలు చెబుతూ కలరా మీద పనిచేశారు. ఈ జబ్బుకు ఏదో విషం కారణమని కోఖ్ కాలం నుంచే అనుమానం ఉంది. ఆ విషాన్ని వెతికినవారు జంతువుల రక్తంలోకో, పొట్ట కుహరంలోకో క్రిమిని ఎక్కించి చూశారు. దే వేసుకున్న ప్రశ్న వేరు. జబ్బు జరిగే చోటు పేగు లోపలి వైపు అయినప్పుడు, పరీక్ష కూడా అక్కడే జరగాలి కదా? ఆయన కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు పక్కలా దారంతో ముడివేసి, ఆ మధ్యలోకి కలరా క్రిములను ఎక్కించారు. మర్నాటికి ఆ ముక్క నీటితో ఉబ్బిపోయింది. 1953లో దీన్ని ప్రచురించారు. ఆరేళ్ల తర్వాత మరో అడుగు వేశారు. క్రిములు పెరిగిన ద్రవాన్ని వడపోసి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి అదే ప్రయోగం చేశారు. పేగు అప్పుడూ ఉబ్బింది. అంటే క్రిమి పేగును కొరకడం లేదు, ఒక విషాన్ని వదులుతోంది. ఆ విషం తగిలిన పేగు నీటిని కక్కుతోంది. 1959లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం నుంచే కలరా ఆధునిక చరిత్రను మొదలుపెట్టాలని నా అభిప్రాయం. దాదాపు అదే కాలంలో ఇంకో ఆధారమూ దొరికింది. బ్యాంకాక్‌లో బతికున్న రోగుల పేగు నుంచి ముక్కలు తీసి చూసిన యూజీన్ గంగరోసా బృందానికి లోపొర చెక్కుచెదరకుండా కనిపించింది.

దే బతికుండగా స్వదేశంలో పెద్ద గౌరవమేదీ అందుకోలేదు. కానీ 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం వచ్చింది. జాషువా లెడర్‌బర్గ్ లాంటి శాస్త్రవేత్త ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు. 1985లో ఆయన కన్నుమూశారు. ఈ ఉపేక్ష తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

పేగు కణం బతికే ఉందని తేలాక, అది ఇంకా ఏ పని చేయగలదన్న ప్రశ్నకు అర్థం వచ్చింది. దానికి జవాబు కలరాతో సంబంధం లేని చోటు నుంచి వచ్చింది. 1960లో ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ఒక ఊహ ప్రకటించారు. చక్కెర పేగు కణంలోకి ఒంటరిగా రాదు, సోడియంతో జతకట్టి ఒకే వాహకం ద్వారా లోపలికి వస్తుందన్నారు. గ్లూకోజ్, ఉప్పు కలిసి లోపలికి వెళితే నీరు వాటి వెంట నడుస్తుంది. కలరాలో ఈ దారి మూసుకుపోలేదు. నీరు బయటికి దూకే దారి తెరుచుకున్నా, లోపలికి తెచ్చే ఈ దారి యథావిధిగా పనిచేస్తూనే ఉంది.

నిజానికి 1953లోనే కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటితో ఇచ్చి ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అది ఎందుకు పనిచేసిందో చెప్పగల శాస్త్రం అప్పటికి లేదు, అందుకే పట్టించుకున్నవారూ లేరు. పదిహేనేళ్ల తర్వాత 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ 29 మంది రోగులపై చేసిన ప్రయోగం ఆ లోటు తీర్చింది. ఎంత పోతోందో కొలిచి, అంతకు అంత తాగించడం అందులో కీలకం. సెలైను అవసరం సుమారు 80 శాతం తగ్గిపోయింది. కలకత్తాలో పనిచేస్తున్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందమూ ఇలాంటి ఫలితాలే చూసింది. అయినా ఇది పెద్ద ఆసుపత్రుల్లో, వైద్యుల కనుసన్నల్లో మాత్రమే సాధ్యమన్న సందేహం మిగిలింది.

1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం ఆ సందేహాన్ని బద్దలుకొట్టింది. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది భారతదేశంలోకి వచ్చారు. శిబిరాల్లో కలరా చెలరేగింది. జాన్స్ హాప్కిన్స్ కేంద్రంలో పనిచేస్తున్న దిలీప్ మహలనబీస్ జూన్ చివర్లో సరిహద్దు పట్టణం బన్‌గావ్ చేరేసరికి, కలరా వార్డులో 16 మంచాలున్నాయి, రోగులు వందల్లో ఉన్నారు. గదుల నేలంతా మనుషులే. సెలైను ఎక్కించాలంటే మలం, వాంతుల మధ్య మోకాళ్ల మీద కూర్చోవాలి. కొన్నాళ్లకు సెలైను సీసాలే అడుగంటాయి. మహలనబీస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపే పొడిని కలకత్తాలో తయారుచేయించారు. ఒకరు గ్లూకోజు, ఒకరు ఉప్పు, ఒకరు సోడా తూచి పోస్తే, ప్లాస్టిక్ సంచీల మూతిని వేడి ఇస్త్రీపెట్టెతో అతికించేవారు. లీటరుకు ఖర్చు 11 పైసలు. బన్‌గావ్‌లో ఆ పొడిని పెద్ద పీపాల్లో కలిపి పెట్టారు. రోగుల తల్లులు, భర్తలు, అక్కచెల్లెళ్లు గ్లాసులతో పట్టుకెళ్లి తాగించారు.

అప్పటిదాకా ఇలాంటి శిబిరాల్లో నూటికి సుమారు 30 మంది చనిపోయేవారు. బన్‌గావ్‌లో చికిత్స పొందిన 3,000 మందికి పైగా రోగుల్లో మరణాలు 3.6 శాతం. ఇక్కడ ఔషధం ఎంత ముఖ్యమో, దాన్ని ఇచ్చిన చేతులూ అంతే ముఖ్యమని నేననుకుంటాను. చదువురాని బంధువు చేతికి చికిత్సను అప్పగించడమంటే ఆనాటి వైద్యవృత్తికి మింగుడుపడని సంగతి. మహలనబీస్ దానికి సిద్ధపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమాన్ బారువా బన్‌గావ్ వచ్చి చూసి, ఈ పద్ధతి తరఫున గట్టిగా నిలిచారు. 1978లో లాన్సెట్ సంపాదకీయం దీన్ని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని అభివర్ణించింది. మహలనబీస్ 2022లో కన్నుమూశాక, మరుసటి ఏడాది ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

బన్‌గావ్‌లో పీపాలు నింపిన 1971లోనే ఎర్ల్ సదర్లండ్‌కు నోబెల్ వచ్చింది. బయటి హార్మోను సందేశాన్ని కణం లోపలికి చేరవేసే సైక్లిక్ ఏఎమ్‌పీ అనే అణువును కనుగొన్నందుకు ఆ బహుమతి. ఆ అణువు, కణంలో శక్తిని మోసే ఏటీపీ నుంచి తయారవుతుంది. ఏటీపీని 1929లో గుర్తించినవారిలో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కలరా విషం చేసే పని ఈ సందేశ వ్యవస్థలోనే ఉందని ఆ దశకంలో తేలింది. విషంలో ఒక భాగం కణపు పొరను పట్టుకుంటుంది, ఇంకో భాగం లోపలికి జారి ఒక జి-ప్రోటీన్‌కు రసాయనపు ముక్కను అతికిస్తుంది. మామూలుగా ఆ ప్రోటీన్ కాసేపు పనిచేసి తనంతట తానే ఆగిపోతుంది. విషం ఆ ఆగే గుణాన్ని పోగొడుతుంది. సైక్లిక్ ఏఎమ్‌పీ పోగుపడుతుంది, క్లోరైడ్ బయటికి పారుతుంది, దాని వెంట సోడియం, నీరు పోతాయి. ఈ చెడ్డ విషమే ఆ తర్వాత జి-ప్రోటీన్లను గుర్తించడానికి ప్రయోగశాలల్లో మంచి పనిముట్టు అయింది. ఆ ప్రోటీన్లపై పరిశోధనకు 1994లో ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్ నోబెల్ అందుకున్నారు. విషం పట్టిన పేగు కణాలు కొద్ది రోజుల్లో సహజంగానే రాలిపోయి కొత్తవి వస్తాయి. ఆ కొద్ది రోజులూ రోగిలో నీరు తగ్గకుండా చూస్తే చాలు.

ఆ చూసే బాధ్యతను ఇంటింటికీ తీసుకెళ్లింది బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ. 1980 నుంచి పదేళ్లలో కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు దాని మహిళా కార్యకర్తలు నడిచి వెళ్లి, అర సేరు నీటిలో మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం కలపడం తల్లులకు నేర్పారు. కొంతకాలం తర్వాత వేరొకరు వెళ్లి తల్లులను పరీక్షించేవారు. వాళ్లకు ఎంత గుర్తుందన్న దాన్ని బట్టే కార్యకర్తకు డబ్బు ముట్టేది. అయినా నేర్చుకున్నవారిలో చాలామంది అవసరం వచ్చినప్పుడు వాడటం లేదని తేలింది. ఆరా తీస్తే, కార్యకర్తల్లోనే కొందరికి దానిపై నమ్మకం లేదు, మగవాళ్లకైతే ఎవరూ చెప్పనేలేదు. బ్రాక్ కార్యకర్తల శిక్షణ మార్చింది, మసీదుల్లో, బజార్లలో మగవాళ్లతోనూ మాట్లాడించింది. చికిత్స నాణ్యతను మెరుగుపరచడం గురించి రాసేవారు ఈ అధ్యాయం తప్పక చదవాలి.

ఓఆర్‌ఎస్ అని పేరుపడిన ఆ పొడి కూర్పు కూడా మారింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు, గ్లూకోజుల మోతాదు తగ్గించి, ద్రవం గాఢతను లీటరుకు 311 నుంచి 245 మిల్లీ ఆస్మోల్స్‌కు దించింది. పలచన చేస్తే పిల్లల్లో విరేచనాల పరిమాణం, వాంతులు తగ్గాయి. చక్కెర ఎక్కువైతే ఫలితం తలకిందులవుతుంది, గాఢమైన ద్రవం పేగులోకే నీటిని లాగుతుంది. అందుకే ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల దుకాణాల్లో అమ్ముడయిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది.